సీటు కింద రెండో బ్యాటరీ

ఫోర్ బై ఫోర్ జీపుకు రెండో బ్యాటరీ ఎక్కడ బిగించాలన్న దాని మీద పల్నాటి వైరింగ్ మేస్త్రీలు రెండు పార్టీలు. బానెట్ కిందే అంటుంది ఒక జట్టు, సీటు కింద అంటుంది రెండోది. నేను సీటు పార్టీ మనిషిని, ముందే చెప్పేస్తున్నా.

మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1955లో నెహ్రూ నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన చేశాక డ్యాం పనుల జీపులతో మాచర్ల వాళ్లకు ఈ బండి అలవాటైందని పెద్దలంటారు. రెండో బ్యాటరీని తెచ్చింది మాత్రం మైకేనట. ఎన్నికల ప్రచారంలోనో, కోటప్పకొండ తిరునాళ్లలోనో ఇంజను ఆపి గంటలకొద్దీ మైకు నడిపితే బ్యాటరీ దిగిపోతుంది, సెల్ఫ్ కొట్టదు. ఊళ్లో అయితే నలుగురొచ్చి తోస్తారు. నల్లమల దారిలో, చీకట్లో, ఎవరొస్తారు? అందుకని సెల్ఫ్‌కు ఒకటి, మైకుకూ లైట్లకూ ఇంకొకటి, ఇంజను ఆగగానే రెండింటినీ విడదీసే రిలే ఒకటి.

బానెట్ కింద చోటుంది, కేబులు పొట్టిగా సరిపోతుంది, పని గంటలో అయిపోతుంది. ఒప్పుకుంటా. కానీ మనం ఉన్నదెక్కడ? ఎండలకు పేరుమోసిన రెంటచింతల మన పక్కనే ఉంది. వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకూ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. మే నెలలో ఇంజను పక్కన కూర్చోబెట్టిన బ్యాటరీ సంగతి వేరే చెప్పాలా? "బానెట్ కింద పెట్టమంటే పెడతా బాబాయ్, వేసంకాలం దాటాక నన్ను తిట్టొద్దు" అంటాడు నరసరావుపేటలో నేనెరిగిన మేస్త్రీ. ముందు బంపరుకు వించి ఉంటే మాత్రం బానెట్ వాళ్ల మాటే రైటు. అది వందల ఆంపియర్లు లాగుతుంది, కేబులు పొట్టిగా ఉండాల్సిందే.

సీటు కిందైనా, మహీంద్రా కమాండరులో వెనక బెంచీ కిందైనా బ్యాటరీకి నీడ ఉంటుంది. ఇరవై కిలోల బరువు రెండు ఇరుసుల మధ్య, కిందికి ఉంటుంది. అయితే పనితనమంతా ఇక్కడే కావాలి. ఆ మేస్త్రీ యాంగిలర్‌తో ట్రే చేసి చాసిస్‌కు బోల్టు వేస్తాడు, రేకుకు కాదు. అడుగున పాత టైరు ముక్క, పైన క్లాంపు. బిగించాక బ్యాటరీని రెండు చేతులా పట్టి ఊపుతాడు. బండి ఊగాలి గానీ బ్యాటరీ కదలకూడదు. నీళ్లు పోసే రకమైతే మూతపెట్టె కట్టి, గొట్టాన్ని ఫ్లోరు దాటించి బయటికి తీస్తాడు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది మరి. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు.

ఇక కేబులు. డైనమో నుంచి సీటు దాకా నాలుగు మీటర్లనుకుందాం. 6 చదరపు మిల్లీమీటర్ల వైరులో 40 ఆంపియర్లు పోతే దారిలోనే దాదాపు అర వోల్టు పోతుంది, బ్యాటరీ త్వరగా నిండదు. 25 వేస్తే పోయేది వోల్టులో ఎనిమిదో వంతే. ఆయన ఈ లెక్క కాగితం మీద వెయ్యడు. లోడు పెట్టి, కాసేపాగి, కేబులు చివరి లగ్గు మీద వేలు పెడతాడు. వెచ్చగా తగిలిందా, కోసిపారేసి మళ్లీ కొడతాడు. మీటరు పట్టుకుని వెనకే చూశాను, ఆ వేలు తప్పగా చూడలేదు. ఫ్యూజు రెండు చివరలా వేస్తాడు. కేబులుకు రెండు వైపులా బ్యాటరీలే కదా, ఎటు ఒరుసుకున్నా మంటే.

ఇప్పుడు డెకార్ షాపుల రాజ్యం వచ్చింది. కిట్టు తెస్తారు, బానెట్ ఎత్తుతారు, ప్లాస్టిక్ టైతో కట్టి పంపిస్తారు. టై! ఇరవై కిలోలకి! ఎర్రగా మెరిసే ఆ కిట్టు కేబులును బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా అల్యూమినియం. పైది రాగి పూత. రాగి ధర తీసుకుని ఇచ్చేది అదీ! కొన్ని బీఎస్ 6 బండ్లలో డైనమో వోల్టేజీని కంప్యూటరే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటికి పాత రిలే చాలదు, డీసీ టు డీసీ ఛార్జరు పెట్టాలి. షాపువాడికి అది తెలియదు, తెలిసినా చెప్పడు. ఫ్యూజు గురించి అడిగితే "ఏం కాదన్నా" అంటాడు. ఏమవుతుందో కాలిన బండ్లు చూసిన మేస్త్రీలనడగండి.

ఆ మేస్త్రీ దగ్గర ఇప్పుడు శిష్యుడు లేడు. ఉన్న కుర్రాడు స్టిక్కర్లూ స్పీకర్లూ వేసే కొట్టుకు పోయాడు, అక్కడ జీతం ఎక్కువ. తప్పు వాడిది కాదు. లక్షలు పోసి బండి కొని, వైరింగ్ కూలీ దగ్గర ఐదొందలకు బేరమాడే మనది. వచ్చే శివరాత్రి తిరునాళ్లకు మైకు కట్టించేవాళ్లకు దండం పెట్టి చెబుతున్నా: బండి రెండు రోజులు మేస్త్రీ దగ్గర వదలండి, కేబులు గీకించి చూసుకోండి, అడిగిన కూలీ ఇచ్చి రండి.