వెల లేని పూలు

బజార్! నీ పేరు పలికితే చాలు, ఎక్కడో ఎవరో తక్కెడ పైకెత్తిన చప్పుడు.

1982లో సాగర్ సర్హదీ దర్శకుడిగా తీసిన తొలి సినిమావి నువ్వు. అప్పటిదాకా ఇతరుల సినిమాలకు రాసిన మనిషి మా హైదరాబాద్‌కు వచ్చి, ఇళ్లలో గొంతు తగ్గించి చెప్పుకునే సంగతిని కమ్మని ఉర్దూలో పైకే చెప్పాడు. గల్ఫ్ సొమ్ముతో ఓ వయసు మళ్లిన వరుడు దిగుతాడు. పేదింటి పిల్లను చూస్తాడు. నిఖా జరుగుతుంది. అది పెళ్లో అమ్మకమో ఆ పిల్లకు తెలుసు, కన్నవాళ్లకూ తెలుసు.

ఆ పిల్ల షబ్నమ్. సుప్రియా పాఠక్ పెద్ద కళ్లు. ఆమె మనసిచ్చిన సర్జూ, ఫారూఖ్ షేక్ బెరుకు నవ్వు. బేరంలో తన చెయ్యీ ఉన్న నజ్మా, స్మితా పాటిల్ ముఖంలో నిలిచిపోయిన నేరం. అన్నీ చూస్తూ చేదు మింగే కవి సలీం, నసీరుద్దీన్ షా. చివరికి షబ్నమ్‌కు మిగిలింది విషమే.

ఇంత కటిక కథకు అంత మెత్తని పాటలెందుకు పెట్టుకున్నావు?

బాణీలు కట్టిన ఖయ్యామ్‌ను అడగాలి. ఆయన తొందరపడడు. మాట పూర్తయ్యేదాకా వాద్యం ఓపిగ్గా పక్కన నిలబడుతుంది, పెద్దలు మాట్లాడుతుంటే పిల్లలు నిలబడ్డట్టు. ఆయన ఎంచుకున్న కవులను చూడు. 1810లో కన్నుమూసిన మీర్ తఖీ మీర్ గజల్ లతా గొంతులో నిన్నమొన్నటి దిగులైంది. ఔరంగాబాద్ కవి బషర్ నవాజ్ మాటలకు భూపిందర్ గొంతు బొంగురు తడినిచ్చింది. లక్నో కవి మిర్జా షౌఖ్ రాసిన మస్నవీ, అంటే కథాకావ్యం, పేరే జహ్ర్-ఎ-ఇష్క్, ప్రేమ విషం. అందులోనూ ప్రేమించిన పిల్ల విషం తాగే ముందు వీడ్కోలు చెబుతుంది. ఆ వీడ్కోలునే జగ్జీత్ కౌర్ పాడింది, ఖయ్యామ్ ఇల్లాలు. షబ్నమ్ గతి ఆ పాటకు ముందే తెలిసినట్టుంటుంది. వినే మనకే ఆలస్యంగా తెలుస్తుంది.

ఇక పూల గజల్.

గజల్‌లో రెండేసి పాదాల షేర్ ప్రతిదాని చివరా మళ్లీ మళ్లీ వచ్చే మాటను రదీఫ్ అంటారు. ఇక్కడ ఆ చోటు పూలది. షేర్ ఏ దారిన బయల్దేరినా పూల దగ్గరికే వచ్చి ఆగుతుంది. లతా, తలత్ అజీజ్ ఒకరు విడిచిన చోట ఒకరు అందుకుంటారు, దారానికి చెరోవైపు కూర్చుని మాల కడుతున్నట్టు. తలత్ హైదరాబాదీ. రాసిన మఖ్దూమ్ మొహియుద్దీన్ మన మెతుకుసీమ వాడు, 1908లో ఆందోల్‌లో పుట్టినవాడు. సిటీ కాలేజీలో పాఠం చెప్పాడు, తెలంగాణ సాయుధ పోరాటంలో నడిచాడు, జైలుకెళ్లాడు. నిజాంను ఎదిరించిన ఆ చెయ్యే పూల గురించి ఇంత సున్నితంగా రాసింది. 1969లో వెళ్లిపోయాడు. నీలో తన పూలు ఎవరి ఒడిలో రాలాయో చూడలేదు.

మీర్‌కు, షౌఖ్‌కు, మఖ్దూమ్‌కు పారితోషికం ఎవరిస్తారు? అడగడానికి వాళ్లు లేరు. అంతా అమ్మకమే అయిన నీ కథలోకి ధర చెప్పకుండా వచ్చినవాళ్లు వాళ్లే.

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్క గాజులు జతకింత. వీధి మలుపులో మల్లెలు మూరకింత. అమ్మాయి మోచేతి నుంచి వేలి కొస దాకా దండ సాగదీసి, చివర ఇంకో జానెడు కొసరు వేసి తుంచుతుంది. ఆ కొసరుకు ధర లేదు. పెళ్లికొడుకు సెహ్రాకు కట్టేవీ ఆ పూలే, సమాధి మీద చల్లేవీ ఆ పూలే.

బజార్! డబ్బు పెట్టినవాడికి షబ్నమ్ దొరికింది, ఆమె పాట దొరకలేదు. ఆ పాట సర్జూ దగ్గరే ఉండిపోయింది. ఏ రాత్రో పాన్ డబ్బా రేడియోలోంచి కారి, దారిన పోయే మాకు కొసరుగా దక్కింది.