ఊరిని రాసే చెయ్యి

హనుమకొండలో వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. దాన్ని రచించినవాడు అచింతేంద్రుడు. సంస్కృతంలో కాకతీయ రాజు రుద్రదేవుడి ఘనత చెప్పాడు. తర్వాత ఎన్నో వందల ఏళ్లకు ఇదే ఊళ్లో కాళోజీ నారాయణరావు జనం నోటి మాటనే కవిత్వం చేశారు. 1953లో వచ్చిన ‘నా గొడవ’లో గొడవంతా జనానిదే.

ఊరి గురించి రాయమంటే గుడి ఎత్తు, చెరువు వైశాల్యం ఎవరైనా రాస్తారు. పద్మాక్షి గుట్ట కింద బతుకమ్మలు దించిన ఆడవాళ్లు ఒకరి పూలను ఒకరు ఎట్లా తేరిపార చూసుకుంటారో, తంగేడు దొరకలేదని ఏమని వాపోతారో చెవిన వేసుకొని, వాళ్ల యాస చెడకుండా కాగితమ్మీద పెట్టడానికి మాత్రం ఎంతో ఓర్పు కావాలి. ఆ ఓర్పుకు చేతులెత్తి మొక్కుతాను.

కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు మీ వాడకట్టు మీద ఒక్క పేజీ రాయండి. ఆ వాడకట్టు వాళ్లకే చదివి వినిపించండి.