లద్దెలు లెక్కపెట్టే మనిషి

తెల్లవారుజామున 5 గంటలకి ఆవిడ గుర్రపుశాల తలుపు తోస్తుంది. దీపం వెలగగానే గుర్రాలన్నీ గదుల్లోంచి తలలు చాపి సన్నగా సకిలిస్తాయి. ఆవిడ మాత్రం ముందు నేల చూస్తుంది. ఒక్కో గదిలో రాత్రి ఎన్ని లద్దెలు పడ్డాయి, ఏపాటివి పడ్డాయి, తడితడిగా ఉన్నాయా, ఎండి పెళుసుబారాయా అన్నది చూసుకున్నాకే గుర్రాన్ని పేరుపెట్టి పిలిచి మెడ నిమురుతుంది.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో మా అమ్మాయి వాళ్ళ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఆవిడ పొలం. వయసు 70 దాటింది. 9 గుర్రాలు, అన్నీ మోర్గాన్ జాతివే. డిసెంబరులో అక్కడికి వెళ్ళి మే నెల చివరిదాకా ఉన్నాను. వారానికి నాలుగైదు పొద్దులు ఆ శాలలోనే గడిచాయి. మా నాన్న గుడివాడలో జట్కా తోలేవాడు. పొద్దున్నే ఉలవలు ఉడికే వాసన, గుగ్గిళ్ళ గంపలో మూతి పెట్టిన గుర్రం నమిలే చప్పుడు, మాలీషు చేస్తూ నాన్న పళ్ళ సందున తీసే శబ్దం, ఇవన్నీ నా చిన్నతనంలో భాగమే. కానీ మైనస్ 25 డిగ్రీల చలిలో గుర్రాన్ని నిలబెట్టుకోవడం అనే పనితనం ఒకటుందని నాకు ఈ వయసులో తెలిసింది. ఆ పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

మోర్గాన్ అంటే ఆ ఊళ్ళ సొంత గుర్రం. 1789లో పుట్టిన ఫిగర్ అనే ఒక్క మగగుర్రం నుంచి వచ్చిన జాతి ఇది. దాన్ని వెర్మాంట్‌కి తెచ్చినవాడు జస్టిన్ మోర్గాన్, పిల్లలకు పాటలు, చదువు చెప్పుకునే పంతులు. ఆయన పేరే జాతి పేరయింది. పొట్టి ఒళ్ళు, గట్టి కాళ్ళు. దుంగలు లాగింది, బండి కట్టించుకుంది, స్వారీకీ పనికొచ్చింది. ఆ ఫిగర్ 1821లో మరో గుర్రం తన్నిన దెబ్బతో పోయిందంటారు. 1961లో మోర్గాన్‌ని రాష్ట్ర జంతువుగా ప్రకటించారు. అక్కడే వేబ్రిడ్జ్‌లో వెర్మాంట్ విశ్వవిద్యాలయం వాళ్ళకి ఈ జాతి గుర్రాల కోసమే ఒక క్షేత్రం ఉంది. కొండ నేలలో, తక్కువ మేతతో బతకడానికి అలవాటుపడ్డ ఒళ్ళు అది. ఆ సంగతి వసంతంలో మళ్ళీ మనకి అవసరపడుతుంది.

లద్దెల దగ్గరికి వస్తాను. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకి 8 నుంచి 12 సార్లు లద్దె వేస్తుంది. సాయంత్రం 6కి గది ఊడ్చి తలుపేస్తే, పొద్దున 5కి నాలుగైదు కుప్పలు కనబడాలి. రెండే కనబడితే లోపల ఎక్కడో నడక మందగించినట్టే. గుర్రం పేగుల అమరిక అలాంటిది. పెద్దపేగు పొడుగ్గా వెళ్ళి, ఎడమవైపు ఒకచోట వెనక్కి మడత తిరుగుతుంది. సరిగ్గా ఆ మడత దగ్గరే సన్నబడుతుంది. నీళ్ళు చాలని మేత ఉండకట్టి అడ్డం పడేది సాధారణంగా అక్కడే. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ముందుకే సాగాలి. అక్కడివాళ్ళు కోలిక్ అనే ఆ కడుపునొప్పి చలికాలంలో ఎక్కువగా భయపెట్టడానికి కారణం నీళ్ళు. పచ్చిక మేసే రోజుల్లో మేతలోనే నూటికి 70, 80 పాళ్ళు నీరు. ఎండుగడ్డిలో 10, 15 పాళ్ళకి మించదు. అంటే మేత ఎండిపోయే కాలంలోనే తొట్టి నీళ్ళు చల్లబడి, తాగడం తగ్గిపోతుంది.

అందుకని ఆవిడ నీళ్ళ బకెట్లకి లోపలివైపు అంగుళానికొక గీత గీసి పెట్టుకుంది. పొద్దునా రాత్రీ గీత చూసి పుస్తకంలో రాస్తుంది. బకెట్లలో నీళ్ళు గడ్డకట్టకుండా కరెంటు తీగ వేడి ఉంటుంది. నేను ఓ రోజు మంచి మనసుతోనే అన్నాను: "గోరువెచ్చనివి ఒక బకెట్, చల్లనివి ఒక బకెట్ పెడితే దానికి నచ్చినవి తాగుతుంది కదా." ఆవిడ తల అడ్డంగా ఊపింది. రెండూ పక్కపక్కన పెడితే గుర్రం ఐసునీళ్ళే ఎంచుకుంటుందట, మొత్తం మీద తక్కువ తాగుతుందట. వెచ్చనివి మాత్రమే పెడితే ఎక్కువ తాగుతుంది. దాని ఇష్టమూ దాని మంచీ ఇక్కడ విడిపోతాయి. ఆ తేడా తెలిసి, చల్లని బకెట్ తీసేసి, దాణాలో రెండు పెద్ద చెంచాల ఉప్పు కలిపి దాహం పుట్టించడంలో ఆవిడ పనితనం నాకు మొదటిసారి కనబడింది.

జనవరి నడుమ ఒక రాత్రి ఎర్రది జబ్బుపడింది. ఆ ఆడగుర్రానికి మరో పెద్ద పేరుంది కానీ నేను ఎర్రదనే పిలిచేవాణ్ణి, 19 ఏళ్ళది. ఆ సాయంత్రం దాని గదిలో ఉన్నవి రెండే లద్దెలు, నిమ్మకాయంతేసి, పైన జిగురుపొర కట్టి. అది పెదవి పైకి మడుస్తోంది, పక్క డొక్కకేసి తిరిగి చూసుకుంటోంది. దొర్లడం లేదు, చెమట లేదు. నాలాంటివాడు చూస్తే గుర్రం కాస్త విసుగ్గా ఉందనుకుంటాడు.

ఆవిడ మొదట గడ్డివల తీసి బయట తగిలించింది. తర్వాత దవడ కింద రక్తనాళం మీద రెండు వేళ్ళు ఆనించి వాచీ చూసుకుంది. గుర్రం నాడి నిమిషానికి 28 నుంచి 44 దాకా మామూలు. కానీ ఎర్రది నిమ్మళంగా ఉన్నప్పుడు 34 అని ఆవిడ పుస్తకంలో ఉంది. ఆ రాత్రి 48. పై పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలు నొక్కి వదిలింది. తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ ఎర్రబడాలి. స్టెతస్కోప్‌తో డొక్కలో కుడి పైనా, కుడి కిందా, ఎడమ పైనా, ఎడమ కిందా ఒక్కోచోట నిమిషం సేపు విన్నది. నన్నూ వినమంది. కుడివైపు దూరపు ఉరుములా ఒక చప్పుడు. ఎడమ కింద దాదాపు ఏమీ లేదు.

నొప్పి తగ్గించే మందు అలమరలోనే ఉంది. చాలామంది ముందు అదే ఇస్తారు. కళ్ళెదుట నోరులేని జీవి బాధపడుతుంటే చెయ్యి అటే పోతుంది. ఆవిడ చెయ్యి పోలేదు. మందు నొప్పిని కప్పేస్తే వచ్చే డాక్టరుకి చదవడానికి ఏమీ మిగలదు. ఫోన్‌లో డాక్టరుతో ఆవిడ మాట్లాడింది ఒక్క నిమిషం. నాడి ఇంత, చిగురు ఇలా, చప్పుడు ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, చివరి లద్దె ఎప్పుడు, నీళ్ళు ఎన్ని అంగుళాలు. 'ఏదోలా ఉంది' అన్న మాట ఒక్కసారీ రాలేదు.

డాక్టరు వచ్చి చేత్తో లోపల పరీక్షించి, మడత దగ్గర గట్టిపడ్డ మేతను పసిగట్టాడు. ముక్కు గుండా గొట్టం దింపి కడుపులోకి నీళ్ళూ ఖనిజ నూనే పంపాడు, నొప్పికి సూది ఇచ్చాడు, వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రాత్రంతా మిగిలింది ఆవిడ పని. గంటకోసారి పది నిమిషాలు శాల నడవలో నడిపించడం. పడుకుంటానంటే పడుకోనివ్వడం, దొర్లబోతే లేపడం. ప్రతిసారీ నాడి, ప్రతిసారీ చప్పుడు, ప్రతిసారీ రాత. మధ్యలో తల దాని మెడకానించి ఊరికే నిలబడేది. అప్పుడు కూడా వేళ్ళు దవడ కిందే ఉండేవని చాలాసేపటికి గమనించాను. మర్నాడు పొద్దెక్కాక నూనెతో మెరుస్తూ ఒక లద్దె పడింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చేతొడుగుతో విరిచి చూసి, నాకేసి తిరిగి నవ్వింది. కళ్ళు తడిగా ఉన్నాయి. నావీ.

ఆ తర్వాతే పుస్తకం తీసింది. రెండు రోజుల ముందు పేజీలో ఎర్రది తాగే నీళ్ళు మూడు అంగుళాలు తగ్గాయని తన రాతే ఉంది. బకెట్‌కి వేడి ఇచ్చే తీగ తెగింది. రాసింది, కానీ చెయ్యి ముంచి చూడలేదు. ఆ గీత కింద ఎర్ర ఇంకుతో మరో గీత గీసింది. అప్పటినుంచి గీత చూడడమే కాదు, చెయ్యి ముంచడం కూడా రోజూ చేసింది. నేను మెచ్చుకునే పనివాళ్ళందరిలోనూ ఈ గుణం చూశాను. తప్పు బయటపడ్డ రోజునే పని పద్ధతిలో ఒక కొత్త అడుగు చేరుతుంది.

చలికాలం పనుల్లో చాలావరకు మనం అనుకునేదానికి ఎదురుగా నడుస్తాయి. ఆ చలిలోనూ శాల కిటికీలు తెరిచే ఉంటాయి. మూసేస్తే మూత్రపు ఘాటు, గడ్డి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి గుర్రానికి దగ్గు పట్టుకుంటుంది. దుమ్ము పడని ముసలి గుర్రానికి గడ్డిని పెట్టెలో ఆవిరి పట్టించి పెడుతుంది. చలి ముదిరితే గింజల దాణా పెంచదు, గడ్డి పెంచుతుంది. గడ్డి పేగుల్లో పులిసేటప్పుడు పుట్టే వేడే గుర్రానికి కుంపటి. కంబళి అందరికీ కప్పదు. వెంట్రుకలు నిక్కబొడుచుకుని గాలిని పట్టి ఉంచుతాయి, కంబళి వాటిని అణిచేస్తుంది. ముసలివాటికీ చిక్కినవాటికీ మాత్రం కప్పుతుంది. చిక్కడం కంటికి తెలియదు, ఆ దట్టమైన బొచ్చు అంతా దాచేస్తుంది. అందుకే చేతొడుగు తీసి ప్రక్కటెముకల మీద, వెన్ను మీద, తోక మొదట్లో వేళ్ళతో వెతుకుతుంది. 1983లో టెక్సాస్‌లో హెనెకీ అనే ఆయన ఒంటిమీది కొవ్వుకి 1 నుంచి 9 దాకా అంకెలు పెట్టాడు. ఆవిడ వేళ్ళు ఆ అంకెల్లోనే మాట్లాడతాయి: దీనికి 5, దానికి నాలుగున్నర.

ఫిబ్రవరిలో, బయట మోకాలెత్తు మంచు ఉండగానే, దువ్వెనకి మొదటి బొచ్చు వచ్చింది. ఎండ వేడికి కాదు, పగటి పొడవుకి. డిసెంబరు చివర పగలు పెరగడం మొదలవగానే గుర్రం ఒళ్ళు లెక్క వేసుకుంటుంది. మార్చిలో కుప్పలుగా రాలింది. ఆవిడ దాన్ని కంచె మీద వదిలేది, పిట్టలు గూళ్ళకి ఎత్తుకుపోయేవి. ఆ రోజుల్లోనే లద్దె నమూనాలు పరీక్షకి వెళ్ళాయి. గుడ్ల లెక్క ఎక్కువ వచ్చినవాటికే నులిపురుగుల మందు. దోమలు రాకముందే టీకాలు. బురద కాలం గిట్టల పైన పుండ్లు తెస్తుంది కనుక రోజూ కాళ్ళు ఆరబెట్టడం. ఇవన్నీ చకచకా జరిగిపోయాయి.

జరగక నిలిచిపోయింది పచ్చిక. రాత్రి మంచు, పగలు ఎండ: మేపుల్ చెట్లలో తీపి రసం పారించే వాతావరణం అదే. ఆ రసం కాచి పాకం చేసుకుంటారు ఆ ఊళ్ళో. లేత గడ్డిలోనూ అలాంటి రాత్రుల్లో చక్కెర నిలవ ఉండిపోతుంది. పగటి ఎండకి తయారైన చక్కెర, రాత్రి చలికి గడ్డి పెరగక ఖర్చు కాదు. మామూలు గుర్రం తట్టుకుంటుందేమో కానీ, తక్కువ మేతకి అలవాటైన మోర్గాన్ ఒంటికి అది ప్రమాదం. గిట్టలోపలి పొరలు వాచి, గుర్రం నిలబడలేని స్థితి వస్తుంది. ఆర్నెల్లు ఎండుగడ్డి నమిలిన గుర్రాలు కంచెకి మెడలు ఆనించి పచ్చని నేలకేసి చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయేది. ఆవిడ పొద్దున్నే పచ్చికలో నడిచి, గడ్డి మధ్యలో పిడికిలి పెట్టి, దాని మీద మరో పిడికిలి పెట్టి ఎత్తు కొలుచుకునేది. నేల మీద మంచుపొర కనబడితే ఆ పూట గేటు తెరుచుకోదు. చలికాలమంతా పెట్టిన చెయ్యే వసంతంలో పట్టి ఉంచింది. ఈ రెండోది ఎక్కువ కష్టమని నా నమ్మకం.

మే రెండో వారంలో ఒక పొద్దు గేటు తీసింది. మొదట ఎర్రదాన్నే వదిలింది. వాచీ చూస్తూ నిలబడింది, 15 నిమిషాలు. గుర్రం తల ఎత్తలేదు. గడ్డి తెగే చప్పుడు కంచె దాకా వినబడింది, మా నాన్న జట్కా గుర్రం గుగ్గిళ్ళు నమిలినట్టే. టైము అవగానే ఆవిడ నాలుక మడిచి ఒక చప్పుడు చేసింది. ఎర్రది ఒక క్షణం ఆగి, నోటి నిండా పచ్చని నురగతో నడిచి వచ్చింది. ఆవిడ వంగి నాలుగు కాళ్ళలోనూ మడమ వెనక నాడి పట్టి చూసి, గిట్టల మీద అరచెయ్యి ఆనించి వేడి చూసి, గోడకి ఆనుకుని పుస్తకం తెరిచింది. తేదీ కింద రాసింది: గడ్డి 15 నిమిషాలు. గిట్టలు చల్లన. నీళ్ళు 9 అంగుళాలు. లద్దెలు 5.