పూచీకత్తు మీద భోజనం

క్యోటోలో కొన్ని పాత ఇళ్ల తలుపులు డబ్బుంటే చాలని తెరుచుకోవు. ఫోన్ చేసి చోటు అడిగితే, మీరు ఎవరి తాలూకు అని అడుగుతారు. పరిచయం లేని మనిషిని తీసుకోని ఈ ఆనవాయితీని అక్కడ ‘ఇచిగెన్‌సాన్ ఒకొతోవారి’ అంటారు. గియాన్ వీధుల్లో గేషాలు అతిథులను అలరించే ఒచాయాల్లో ఇది ఇప్పటికీ గట్టిగా నడుస్తోంది. కొన్ని భోజనశాలలూ దీన్ని వదల్లేదు. బయటివాళ్లకు ఇది గర్వంలా కనిపిస్తుంది కానీ దాని వెనక లెక్క వేరే ఉంది. బిల్లు ఆ పూట అతిథి చేతికివ్వరు. తర్వాత తీరిగ్గా, అతన్ని తీసుకొచ్చిన పాత ఖాతాదారుకు పంపుతారు. కొత్త మనిషి గొడవ చేసినా, డబ్బు ఎగ్గొట్టినా జవాబు చెప్పుకోవాల్సింది ఆ ఖాతాదారే. అక్కడ స్నేహితుడంటే పూచీకత్తు.

విదేశంలో ఉన్న స్నేహితుల ఇంటికి వెళ్లడం గురించి ఈ వారం రాయాలనుకున్నప్పుడు ఈ రచయితకు ముందుగా గుర్తొచ్చింది ఈ ఆనవాయితీ. తెలుగువాళ్లు లేని పెద్ద ఊరు ఇప్పుడు అరుదు. చుట్టం చూపుగా వెళ్లేవాళ్లు ఫోన్లో చూడాల్సినవన్నీ ముందే గుర్తుపెట్టుకుని విమానం ఎక్కుతున్నారు. క్యోటో అయితే కింకకుజి బంగారు మందిరం, ఫుషిమి ఇనారి ఎర్ర తోరణాలు, అరషియామా వెదురుతోపు. అన్నీ చూడదగ్గవే. కాకపోతే వాటికి స్నేహితుడు అక్కర్లేదు, రైలు టికెట్ చాలు. ఊళ్లో ఉండే మనిషి చేయగలిగిన మేలు వేరే ఉంది. ఏవి వదిలేయాలో చెప్పి, మిగిలిన ఒకటి రెండింటినీ ఒక మంచి భోజనం దాకా దారి చేయగలడు.

ఆ దారి ఊరి తూర్పు అంచున, హిగషియామా కొండల కింద సిద్ధంగా ఉంది. పొద్దున్నే గింకకుజిలో మొదలుపెట్టాలి. షోగన్ అషికాగా యోషిమాసా 1482లో కట్టించడం మొదలుపెట్టిన విశ్రాంతి మందిరం అది. అందులో తోగుదో అనే చిన్న కట్టడంలో నాలుగున్నర చాపల గది ఉంది. జపాన్ టీ గదులకు అదే మూలమని చెబుతారు. అక్కణ్ణించి కాలువ గట్టు పట్టుకుని దక్షిణానికి సుమారు రెండు కిలోమీటర్ల నడక. చెర్రీ చెట్ల కింద సాగే ఈ గట్టునే తత్వవేత్త బాట అంటారు. చాలామంది ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు, నీళ్లు ఎక్కడివని అడగరు.

అడగాల్సిన ప్రశ్న అది. 1869లో రాజధాని తోక్యోకు వెళ్లిపోయాక క్యోటో కళ తప్పింది. ఊరిని మళ్లీ నిలబెట్టడానికి కొండల్ని తొలిచి బివా సరస్సు నీళ్లు తెచ్చారు. ఆ పని అప్పగించింది అప్పుడే చదువు ముగించుకున్న తనాబె సకురో అనే యువ ఇంజినీరుకు. 1890లో కాలువ పూర్తయింది, మరుసటి ఏడే కెయాగెలో ఆ నీటితో కరెంటు పుట్టించారు. 1895లో ఆ కరెంటు మీద ట్రామ్ నడిచింది, జపాన్ మొత్తానికి మొదటి కరెంటు ట్రామ్ మార్గం అది. నన్‌జెన్‌జి ఆలయం ఆవరణలోంచి ఎర్ర ఇటుకల కమానుల మీద ఆ కాలువ ఇప్పటికీ పారుతోంది. దగ్గర్లోని మురిన్‌అన్ తోటలో గలగలమనే సెలయేటికీ ఆ నీళ్లే ఆధారం.

మురిన్‌అన్ పక్కనే హ్యోతెయ్ ఉంది. నన్‌జెన్‌జికి వచ్చేపోయేవాళ్లకు టీ పోసే అంగడిగా సుమారు 400 ఏళ్ల కిందట మొదలై, ఈనాడు మిషెలిన్ మూడు నక్షత్రాల దాకా ఎదిగిన ఇల్లు. పచ్చసొన జారీజారకుండా ఉడికించిన సగం గుడ్డు అక్కడి పేరున్న వంటకం. అంత పేరున్న చోట ఒక గుడ్డుముక్కను ముందు పెట్టి నిలబడాలంటే చాలా ధైర్యం కావాలి.

క్యోటోలో కైసెకి భోజనం తినడమంటే ఆ ధైర్యాన్ని గుర్తుపట్టడమే. దీని మొదలు టీ గదిలో ఉంది. చిక్కటి టీ ఖాళీ కడుపుతో తాగితే పట్టదని, ముందుగా ఒక పులుసు, మూడు వంటకాలతో సాదాగా భోజనం పెట్టేవారు. 16వ శతాబ్దంలో టీ గురువు సెన్ నో రిక్యూ స్థిరపరిచిన క్రమం అది. తర్వాత భోజనశాలల చేతిలో పది రకాల దాకా పెరిగింది. పెరిగినా ప్రాణమంతా ఒక్క గిన్నెలో ఉంది: మూత పెట్టి తెచ్చే పులుసు. దాని కింది రసం దాషి. హొక్కైదో సముద్రపు నాచు కొంబును నీళ్లలో వేసి సన్నని వేడి మీద ఉంచుతారు, మరగనివ్వరు. కొంబు తీసేశాక, పొగబెట్టి కొయ్యలా ఎండించిన సూర చేప తురుము చల్లి వెంటనే వడకడతారు. సున్నం ఎక్కువున్న నీళ్లలో కొంబు సారం సరిగా దిగదు. క్యోటో బావుల నీళ్లు మెత్తన, అందుకే ఈ వంట ఇక్కడ ఇంత బాగా కుదిరింది. 1908లో కొంబులోంచి గ్లూటమేట్ వేరుచేసి ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టిన రసాయన శాస్త్రవేత్త ఇకెదా కికునాయె పుట్టింది ఈ ఊళ్లోనే.

జులైలో వెళ్తే హామో తప్పనిసరి. పాములా పొడవుండే సముద్రపు చేప, ఒంటినిండా ఏరడానికి వీల్లేనన్ని ముళ్లు. వంటమనిషి బరువైన కత్తితో తోలు తెగకుండా, 3 సెంటీమీటర్ల ముక్కకు 24 దాకా గాట్లు పెడతాడు. మరిగే నీళ్లలో ముంచగానే ముక్క తెల్లటి పువ్వులా విచ్చుకుంటుంది. సముద్రానికి దూరంగా ఉన్న క్యోటోకు ఒకప్పుడు ఎండాకాలంలోనూ ప్రాణంతో చేరగలిగిన మొండి చేప కాబట్టి ఊరు దీన్ని పట్టుకుంది. ముళ్లకు వెరవకుండా పులస కోసం గోదావరి వరద వేళ ఎదురుచూసేవాళ్లకు ఈ మమకారం ఎవరూ వివరించనక్కర్లేదు.

అన్నం ఆఖర్న వస్తుంది, పచ్చళ్లతో, మిసో పులుసుతో. ముందు వంటకాలకు కడుపు నింపేసుకుని ఆ అన్నాన్ని వదిలేస్తే పెద్ద నష్టం.

అతిథి మర్యాదలు కొన్ని స్నేహితుడు ముందే చెప్పాలి, చెప్పించుకోవాలి కూడా. చెప్పిన వేళకు పది నిమిషాలు ముందే చేరాలి. అత్తరు పూసుకోకూడదు, పక్కవాళ్లకు కూడా పులుసు వాసన పోతుంది. లక్క గిన్నెలు గీసుకుపోకుండా ఉంగరాలు తీసేయాలి. తతామి చాప మీద సాక్సులతో నడవాలి. టిప్పు ఇవ్వకూడదు. తిననివి ఏమిటో బుక్ చేసిన రోజే చెప్పాలి, కూర్చున్నాక కాదు. 2024 నుంచి గియాన్‌లో కొన్ని ప్రైవేటు సందుల్లోకి పర్యాటకులను రానివ్వడం లేదు. వెళ్తే 10,000 యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు. గేషాల వెంటపడి ఫొటోలు తీసినవాళ్ల పుణ్యమది.

శాకాహారులకు పెద్ద చిక్కు దాషి. కూరగాయ ముక్క కూడా చేప రసంలోనే ఉడుకుతుంది, పైకి తెలియదు. వాళ్లను మామూలు కైసెకికి తీసుకెళ్లి దీనికీ దానికీ అడ్డుపడటం కన్నా, ఆలయాల్లో పెట్టే షోజిన్ భోజనానికి తీసుకెళ్లడం మేలు. కొంబుతో, ఎండు షీతాకే పుట్టగొడుగులతో రసం తీస్తారు. ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. అరషియామాలో తెన్‌ర్యూజి ఆలయం లోపలి షిగెత్సులో మధ్యాహ్నం పూట దొరుకుతుంది. కార్తీకమాసం నిష్ఠ ఉన్న అత్తగారిని కూడా నిశ్చింతగా కూర్చోబెట్టవచ్చు.

ఇక డబ్బు. పేరున్న చోట రాత్రి భోజనం మనిషికి కొన్ని పదుల వేల యెన్‌లు అవుతుంది, మధ్యాహ్నం తక్కువ. పరిచయం మీద వెళ్లిన చోట బిల్లు స్నేహితుడి ఇంటికి వెళ్తుంది కాబట్టి, ఊరు వదిలేలోపే లెక్క అడిగి అతని చేతిలో పెట్టేయాలి. వద్దు వద్దంటాడు. అయినా పెట్టాలి. అలా నడుచుకున్న మనిషి రెండోసారి ఫోన్ చేస్తే, ఎవరి తాలూకు అని అడగరు, పేరు గుర్తుపడతారు. కొన్నేళ్లు ఇలా వెళ్లొచ్చాక ఆ మనిషి తన తరఫున ఇంకొకరిని పంపవచ్చు, వాళ్లకు తానే పూచీ పడుతూ.