ధర సరే, దేనిలో?

బీసెంట్ రోడ్డులో టీ తాగుతూ ఫోను ముందుకు చాపి, 'అన్నా, ఈ కాయిన్ పది శాతం పెరిగింది, ఇంకొంచెం కొననా?' అని అడిగే కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నేను ముందు చూసేది కాయిన్ పేరు పక్కన గీత అవతల ఏముందో. రూపాయా, యూఎస్‌డీటీనా, బిట్‌కాయినా? ఆ రెండో పేరు తెలియకుండా పది శాతానికి అర్థం లేదు.

గుడివాడ వైపు కౌలుకి చేసే రైతుకైతే ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకుంటారు, బస్తా అంటే 75 కిలోలు. సాధారణ రకం ధాన్యానికి క్వింటా మద్దతు ధర 2023-24లో 2,183 రూపాయలు, మరుసటి ఏడాది 2,300. ఆ లెక్కన బస్తా 1,637 నుంచి 1,725కి వెళ్లింది. కౌలు పాతిక బస్తాల దగ్గరే ఉన్నా రూపాయల్లో దాదాపు 2,200 పెరిగింది. ట్రేడింగ్ పెయిర్‌లో, అంటే గీతకి ఇటూ అటూ ఉన్న జంటలో, రెండో నాణెం ఈ బస్తా లాంటిదే. దానితో కొలుస్తాం, దాని ధరా కదులుతూనే ఉంటుంది.

ఒక ఆల్ట్‌కాయిన్, అంటే బిట్‌కాయిన్ కాని నాణెం, 0.0005 బిట్‌కాయిన్‌కి వస్తోందనుకుందాం. బిట్‌కాయిన్ 50 లక్షలుంటే అది 2,500 రూపాయలు. కొన్నాళ్లకి పెయిర్ 0.00055కి చేరింది, చార్టు పచ్చగా పది శాతం చూపిస్తోంది. ఈలోగా బిట్‌కాయిన్ 40 లక్షలకి దిగిందా, మీ కాయిన్ విలువ 2,200. బిట్‌కాయిన్ కంటే అది మెరుగ్గా నిలబడిన మాట నిజం, మీ డబ్బు 12 శాతం తరిగిన మాటా నిజం. అందుకే కొన్న రోజే నోటుబుక్కులో రెండంకెలూ రాసుకుంటాను: పెయిర్ ధర, ఆ క్షణాన రెండో నాణెం రూపాయి ధర.

యూఎస్‌డీటీ అంటే డాలరే కదా అని బ్యాంకు రేటుతో గుణించేవాళ్లున్నారు. మన ఎక్స్ఛేంజీల్లో అది తరచూ బ్యాంకు రేటు కంటే ఎక్కువే పలుకుతుంది. కొనేటప్పుడే ఆ తేడా మీ జేబులోంచి పోతుంది. పైగా డాలరుకి కట్టామన్న నాణేలన్నీ ఒక్కటి కావు. 2022 మేలో టెర్రా వాళ్ల యూఎస్‌టీ ఆ కట్టు తెంచుకుని కుప్పకూలింది, దాని జంట నాణెం లూనానీ లాక్కుపోయింది. యూఎస్‌టీ పెయిర్లో ధర చూసుకుంటున్నవాళ్లకి కొలతే కరిగిపోయింది.

రూపాయి పెయిర్ ఉన్నంతమాత్రాన సరిపోదు, అందులో కొనేవాళ్లుండాలి. తెరమీద చివరి ధర 100 అంటుంది. ఆర్డర్ బుక్ తెరిస్తే కొనేవాడు 93 దగ్గర, అమ్మేవాడు 104 దగ్గర, మధ్యలో ఖాళీ. ఇప్పుడు అమ్మాలంటే మీ కాయిన్ ధర 93. ఆ 93కైనా ఎన్ని తీసుకుంటాడో పక్కన అంకె చూడాలి.

పన్ను మాత్రం రూపాయల్లోనే. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభంపై 30 శాతం; అదే ఏడాది జూలై 1 నుంచి, నిర్ణీత మొత్తం దాటిన అమ్మకాలపై 1 శాతం టీడీఎస్. ఆల్ట్‌కాయిన్ ఇచ్చి బిట్‌కాయిన్ తీసుకున్నా అమ్మకం కిందే లెక్క, చేతికి ఒక్క రూపాయి రాకపోయినా. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేసుకునే వీలూ లేదు. రోజుకో పెయిర్ మార్చే కుర్రాళ్లకి రిటర్ను వేసేటప్పుడు కళ్లు తిరిగేది ఇక్కడే.

రూపాయి పెయిర్ లేని కాయిన్‌నీ, ఉన్నా ఆర్డర్ బుక్ పలచగా ఉన్న కాయిన్‌నీ నేను కొనను. మిమ్మల్నీ కొనొద్దనే అంటాను.