ఎక్కడ దిగాలి?

జపాన్ వెళ్తున్నాం, ఎక్కడ దిగమంటారని చుట్టాలెవరైనా ఫోన్ చేస్తే నేను ముందు మోకాళ్ళ సంగతి అడుగుతాను. వెంట వచ్చే పెద్దవాళ్ళు నేలమీద కూర్చుని లేవగలరా? మెట్లెక్కగలరా? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? పొద్దున్నే కాఫీ పడకపోతే ఉండగలరా? డబ్బు మాట తర్వాత. బస వెతికిపెట్టే పని మా ఇంట్లో ఎప్పుడూ నాదే. చేసిన కొద్దీ నాలో గట్టిపడిన నమ్మకం ఒకటుంది. చేతిలో ఉన్న డబ్బుతో తేలేది గది పెద్దదా చిన్నదా అన్నది మాత్రమే. ఆ గదిలో మనవాళ్ళు హాయిగా నిద్రపోయి లేస్తారా లేదా అన్నది, వాళ్ళ అలవాట్ల గురించి మనం ముందుగా ఎంత ఆలోచించామో దాన్ని బట్టి ఉంటుంది.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో ఇల్లు చేరారు. ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకీ ఆయన రాసుకున్నవి చూడండి. నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా. వెంట పెద్ద పరివారాన్ని పెట్టుకుని వెళ్ళిన మనిషి కనుక ఆయన చూపు అలా ఉంది. బస వెతికేటప్పుడు నేనూ ఆ చూపునే నమ్ముకుంటాను. టోక్యోలో అయితే బావి బదులు రైలు స్టేషన్ చూడాలి.

ఆ నగరం నడిమధ్యలో యమనోతె అనే రైలుమార్గం గుండ్రంగా తిరుగుతుంది. 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు, ఒక చుట్టుకు దాదాపు గంట. ఆ చుట్టు మీద గానీ, దానికి దగ్గర్లో గానీ దిగితే ఊరంతా అందుబాటులో ఉంటుంది. ఊరి చివర గది సగం ధరకే వస్తోందని ఆశపడేవాళ్ళను ఒక లెక్క వేసుకోమంటాను. నలుగురికి రానుపోను టికెట్లు, రోజూ రైళ్ళలో పోయే సమయం, మధ్యాహ్నం అలసిపోయిన అమ్మానాన్నలు గదికెళ్ళి కాసేపు నడుం వాల్చే వీల్లేకపోవడం. అర్ధరాత్రి దాటిన కాసేపటికి రైళ్ళు ఆగిపోతాయి, మళ్ళీ తెల్లవారుజామునే మొదలవుతాయి. ఆఖరి రైలు తప్పిందా, ఆ టాక్సీ డబ్బుతో ఇంకో గదే వచ్చి ఉండేది.

‘స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక’ అన్న మాటనూ కాస్త విప్పి చూడాలి. జపాన్‌లో ఇళ్ళ ప్రకటనలకు 80 మీటర్లను ఒక నిమిషంగా లెక్కకట్టాలన్న నియమం ఉంది. అది వట్టిచేతులతో చకచకా నడిచేవాళ్ళ లెక్క. సూట్‌కేసు లాగుతూ, పక్కన పెద్దావిడ చెయ్యి పట్టుకుని నడిచేవాళ్ళకు సరిపోదు. షింజుకు స్టేషన్‌కు 200కు పైగా ద్వారాలున్నాయి. లిఫ్టు ఉన్న ద్వారం ఒక వైపు, హోటల్ మరో వైపు ఉంటే ఆ ఐదు నిమిషాలు అరగంటవుతాయి. అందుకే తల్లిదండ్రులతో వెళ్ళేవాళ్ళకు నేను షింజుకు చెప్పను. ఉఎనో, అసకుసా చెబుతాను. నరిత విమానాశ్రయం నుంచి ఉఎనోకు నేరుగా వేగవంతమైన రైలుంది. అసకుసాకైతే నరిత, హనేద రెండింటి నుంచీ రైలు మారకుండా రావచ్చు. పది గంటల విమాన ప్రయాణం తర్వాత రైలు మారనక్కర్లేదంటే ఎంత నిశ్చింతో!

ఇక గది. మధ్యతరగతికి దిక్కు అక్కడి బిజినెస్ హోటళ్ళే. శుభ్రంగా ఉంటాయి, మర్యాదగా చూస్తారు. కాకపోతే గది చాలాచోట్ల 120, 130 చదరపు అడుగులే ఉంటుంది. ‘సెమీ డబుల్’ అని రాసి ఉంటే ఆ మంచం వెడల్పు నాలుగడుగులే, ఇద్దరూ ఒక పక్కకే తిరిగి పడుకోవాలి. మనవాళ్ళకుండే ‘ముగ్గురం సర్దుకుంటాంలే’ అన్న అలవాటు అక్కడ చెల్లదు. ఎంతమందో ముందే రాయాలి, పిల్లల వయసులతో సహా. రెండు పెద్ద సూట్‌కేసులు తెరిస్తే కాలు పెట్టే చోటు మిగలదు. దీనికి జపాన్‌లోనే చక్కని మందుంది. యమతో సంస్థ 1976లో మొదలుపెట్టిన తక్క్యూబిన్ సేవ. ఈ ఊరి హోటల్ కౌంటర్లో సూట్‌కేసు ఇచ్చేస్తే, దూరాన్ని బట్టి మర్నాటికో ఆ మర్నాటికో తర్వాతి ఊరి హోటల్‌కు చేరుస్తారు. పెద్ద గదికి పెట్టే డబ్బుకంటే ఈ రుసుము చాలా తక్కువ.

ఒంటరిగా, వీపు సంచితో వెళ్ళే కుర్రవాళ్ళకు క్యాప్సూల్ హోటల్ ఉంది. 1979లో ఒసాకాలోని ఉమెదలో మొదటిది తెరిచారు, రూపకర్త కిషొ కురొకావా. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. తాళం ఉండదు, తెర దించుకోవడమే. సామాను లాకర్లో, స్నానం ఉమ్మడి గదిలో. వయసులో ఉన్నవాళ్ళు దాన్ని సరదాగానే గడిపేస్తారు. డబ్బు మిగులుతుంది కదా అని అరవై దాటిన వాళ్ళకు మాత్రం దయచేసి అది బుక్ చేయకండి.

తిండి సంగతి నేను ఇంకాస్త పట్టుదలగా చూస్తాను. జపాన్ వంటల్లో చాలావాటికి ఎండుచేప రసమే మూలం. కూర కూరగాయలదే అయినా పులుసు చేపది కావచ్చు. వారం పైగా ఉండే శాకాహార కుటుంబానికి వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోవడమే మేలు. ఇళ్ళ అద్దె మీద 2018 జూన్‌లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఆ చట్టం కింద ఇల్లు ఏడాదికి 180 రాత్రులే ఇవ్వాలి, ప్రభుత్వ నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య సాధారణంగా ఎం అక్షరంతో మొదలవుతుంది. హోటల్ లైసెన్సు ఉన్న ఇళ్ళకు ఆ వివరం ఉంటుంది. రెండూ కనిపించని ఇంటి జోలికి వెళ్ళకండి. మన రైస్ కుక్కర్ మోసుకెళ్ళే పనీ పెట్టుకోవద్దు. అక్కడి కరెంటు 100 వోల్టులు, మనది 230. దానిమీద మన కుక్కర్‌కు అయిదోవంతు వేడి కూడా రాదు. బియ్యం ఉడకదు, నానుతుంది. ఆ ఇళ్ళలో కుక్కర్ చాలావరకు ఉంటుంది, ముందే రాసి అడగండి. కందిపప్పు, చింతపండు మనం తీసుకెళ్తే సరి.

వీసాకు రోజువారీ ప్రణాళిక, బస వివరాలు ఇవ్వాలి కాబట్టి, డబ్బు వెనక్కి వచ్చే బుకింగ్‌లే మొదట చేయండి. మార్చి చివర చెర్రీ పూల రోజుల్లోనూ, మే మొదటి వారం సెలవుల్లోనూ ధరలు బాగా పెరుగుతాయి.

చివరికి, ఏ బడ్జెట్‌లో అయినా ఒక్క రాత్రికి చెయ్యి సడలించమంటాను. ర్యొకాన్ అనే సంప్రదాయ బసలు పాతకాలం నుంచీ ఉన్నవి. 705లో మొదలైందనే కెయిఉన్‌కన్‌ను ప్రపంచంలోకెల్లా పాత హోటల్‌గా గిన్నిస్ గుర్తించింది. ర్యొకాన్‌లలో ధర సాధారణంగా గదికి కాదు, మనిషికి. రెండు పూటల భోజనం అందులోనే. నలుగురైతే నాలుగు రెట్లని గుర్తుంచుకోవాలి. మనవాళ్ళకు వీటన్నిటికంటే నేను ఇష్టంగా చెప్పేది కోయాసాన్ కొండమీది బౌద్ధాలయాల బస. 816లో కూకై నెలకొల్పిన క్షేత్రం అది. అక్కడ యాభై దాకా ఆలయాలు యాత్రికులకు గదులిస్తాయి. భోజనంలో మాంసం, చేప లేవు, ఉల్లి, వెల్లుల్లి లేవు. సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో కాచిన రసం, నువ్వుల టోఫు. దేశంకాని దేశంలో మా పెద్దమ్మ లాంటి మనిషి ఎవరినీ ఏమీ అడగకుండా తృప్తిగా తినగలిగే భోజనం దొరకడం చిన్న సంగతి కాదు. పడక నేలమీదే. కుర్చీ కావాలని బుక్ చేసేటప్పుడే రాయండి.

ఆ రాత్రిని ప్రయాణం మధ్యలో పెట్టుకోండి. పెద్ద సూట్‌కేసుల్ని ఒసాకా నుంచి నేరుగా క్యోటో హోటల్‌కు పంపేసి, చేతిసంచులతో నంబాలో నంకై రైలెక్కండి. గొకురకుబషిలో దిగి కేబుల్ కారు, పైన బస్సు. సాయంత్రం ఐదులోపు ఆలయానికి చేరాలి. ఆరింటికల్లా భోజనం వడ్డిస్తారు, మర్నాడు ఆరింటికే ప్రార్థన మొదలవుతుంది.