తోట చూచువారు, తోట చేయువారు

బి.బి.సి. వారు 1968 జనవరిలో ప్రారంభించిన ‘గార్డెనర్స్ వరల్డ్’ అను తోటపని కార్యక్రమము టెలివిజను చరిత్రమున దీర్ఘాయువు గలవానిలో నొకటి. అర్ధశతాబ్దమునకు పైగా నడచిన దానిని గూర్చి చూపరులకు అభిప్రాయము లుండుట వింత గాదు. ఆ యభిప్రాయములలో మొక్కల ప్రసక్తి అంత తక్కువగా నుండుటయే వింత. వ్యాఖ్యాత తొడిగిన నీలిరంగు కోటు, ఆయన మెడకు చుట్టుకొన్న వస్త్రము, వెంట తిరుగు కుక్క, స్నూకర్ పోటీల కొరకు కార్యక్రమము నొక వారము మానుట: వీనిని గూర్చి వ్రాసినంత ఉత్సాహముతో చిక్కుడు పాదును గూర్చి వ్రాయువారు అరుదు. చూపరుల ఉత్తరములను చదివి వినిపించుటకే 1961లో ఆ సంస్థవారు ‘పాయింట్స్ ఆఫ్ వ్యూ’ అని వేఱొక కార్యక్రమము నెలకొల్పిరి. ఆ దేశమున ఫిర్యాదు వ్రాయుట గౌరవనీయమైన గృహకృత్యములలో నొకటి కాబోలు.

దీని నంతయు పరిహాసముగా కొట్టివేయుట తేలిక. కాని ఆ చిల్లర ఫిర్యాదులను కొన్నింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చదివినచో, వాని యడుగున ఒక్క ప్రశ్నయే వినబడును. ఈ తోటను మాకు చూపుచున్నారా, మాచేత చేయించుచున్నారా? ఈ ప్రశ్నకు కార్యక్రమమువారు ఇన్నేండ్లలో ఒక్క తీరున సమాధానము చెప్పలేదు.

తొలినాళ్ల వ్యాఖ్యాతలలో ముఖ్యుడు పెర్సీ త్రోవర్. ఆయన తోటమాలి కుమారుడు. బాల్యముననే పార పట్టినవాడు. విండ్సరు రాజోద్యానమున పని నేర్చినవాడు. కోటు, టై ధరించి మట్టిలో చేయి పెట్టి, ఉన్నది ఉన్నట్లు చెప్పెడివాడు. 1970ల దశకము నడుమ ఆయన యొక పెద్ద రసాయనసంస్థవారి తోటమందుల ప్రకటనలకు ఒడంబడగా, బి.బి.సి. వారు ఆయనను తొలగించిరి. అంతటి పనివానిని అట్లు పంపుట కఠినమని తోచవచ్చును. నాకు న్యాయమనియే తోచుచున్నది. ఈ మందు చల్లుడని ఒకడు చెప్పినపుడు ఆ మాట అనుభవము పలికించినదా, సొమ్ము పలికించినదా యని తెలిసికొనుట చూపరి హక్కు. ఆ సందేహము కలిగిన పిమ్మట ఎంత మంచి సలహాయైనను సగము విలువ పోగొట్టుకొనును.

1979 మొదలు 1996లో మరణించువరకు కార్యక్రమమును నడిపిన జెఫ్ హామిల్టన్‌ను చూపరులు తమ యింటివానిగా నెంచుకొనిరి. అందుకు కారణము వెదుకనక్కరలేదు. ఆయన కొనుమని చెప్పుటకంటె చేసికొనుమని చెప్పుటకే ఎక్కువ ఇష్టపడెను. పాత చెక్కలతో, సిమెంటుతో, మన్నుతో తోటకు కావలసిన సామగ్రిని తన చేతులతోనే చేసి చూపెను. మొదట రసాయనములు వాడిన యాయనయే తరువాత వానిని విడిచి సేంద్రియపద్ధతికి మఱలెను. ఆ మార్పును చూపరుల యెదుట దాచలేదు. నిన్నటి తన మాటను నేడు దిద్దుకొనగల గురువు తోటలోనే కాదు, బడిలోను అరుదు.

ఇక నేటి ఫిర్యాదులకు వత్తము. 2011 మొదలుకొని మాంటీ డాన్ హెరెఫర్డుషైరులోని తన సొంత తోటయైన లాంగ్‌మెడో నుండి మాటలాడుచున్నాడు. ఆ తోట యించుమించు రెండెకరములు. పట్టణమున మూడవ యంతస్తులో నాలుగు కుండీలు గల గృహిణి దానిని చూచి, ఇది మా కొఱకు గాదని నిట్టూర్చుట సహజము. ఈ ఫిర్యాదులో సగము సత్యము గలదు. విత్తు ఎంత లోతున నాటవలెను, కొమ్మ నెక్కడ కోయవలెను అను విషయములలో రెండెకరములకును రెండు కుండీలకును భేదము లేదు. భేదము వేఱొకచోట నున్నది. రెండెకరముల తోటలో ఒక మడి చెడినను తోట చెడదు. నాలుగు కుండీల తోటలో రెండు ఎండినచో సగము తోట పోయినట్లే. కావున చిన్నతోటవారికి కావలసినది చిన్నతోట చిత్రము మాత్రమే కాదు, నష్టమును గూర్చిన బోధ.

దీనిని సరిగా గ్రహింపక ఒకసారి నిర్వాహకులు చేయి కాల్చుకొనిరి. 2008లో మాంటీ డాన్ అనారోగ్యముచే తప్పుకొనగా, టోబీ బక్లండును నియమించి, బర్మింగ్‌హామ్‌లో క్రొత్తగా నొక తోట నెలకొల్పి, క్రొత్తవారిని ఆకర్షింపవలెనని కార్యక్రమమునకు చురుకు నద్దిరి. పాతచూపరులలో చాలమంది నిరసించిరి. చూచువారి సంఖ్య తగ్గెను. తప్పు బక్లండుది కాదు, ఆయన పనితెలిసినవాడు. క్రొత్తగా తోట వేయువాడు తెలివితక్కువవాడని నిర్వాహకులు భ్రమపడుటయే తప్పు. తెలియనివాడు వేఱు, తెలివిలేనివాడు వేఱు. మన వయోజనపాఠశాలలలో ఉపాధ్యాయులును ఒక్కొక్కప్పుడు ఈ తప్పే చేయుదురు.

నింద కంటె నన్ను ఎక్కువ కలవరపెట్టునది స్తుతి. ఈ కార్యక్రమము మనస్సునకు శాంతి నిచ్చుచున్నదని, వారమంతటి బడలిక తీర్చుచున్నదని మెచ్చుకొనువారు లెక్కకు మిక్కిలి. వారిలో ఎందఱు మఱునాటి యుదయమున మోకాళ్లపై మట్టిలో కూర్చుండిరో! ప్రతివారము చివర ఈ వారాంతమున చేయవలసిన పనులని వ్యాఖ్యాత కొన్నింటిని చెప్పును. కార్యక్రమమునకు ప్రాణమంతయు అందే యున్నది. కాని శాంతిని కోరి చూచువారికి అప్పటికే కన్నులు మూతపడుచుండును.

అయినను శాంతిని తేలికగా చూచితినని పాఠకులు తలపవలదు. మాంటీ డాన్ తన మనోవ్యాకులతను గూర్చి బహిరంగముగా చెప్పుకొన్నవాడు. మన్ను తనను నిలబెట్టినదని ఆయన చెప్పినపుడు అది అలంకారము గాదు. 2020లో మహమ్మారి ఇండ్ల తలుపులు మూయించినపుడు చిత్రీకరణబృందములు తిరుగలేకపోయెను. అప్పుడు చూపరులే తమ తోటలను చిత్రించి పంపిరి. అట్లు పంపినవారిలో వేల్సు దేశపు సూ కెంట్ ఒకరు. పొట్టిచేతులు గల యామె పాదములతోనే విత్తులు నాటును, కలుపు తీయును. ఆమె పిమ్మట ఆ కార్యక్రమముననే వ్యాఖ్యాత్రియయ్యెను. చూపరి తోటమాలియై తెరపై కెక్కిన ఆ వారములే, నా దృష్టిలో, ఈ దీర్ఘచరిత్రలో మేలైనవి. చేయి వణకిన చిత్రములని, మాట తడబడినదని కొందఱు అసంతృప్తి చెందియుండవచ్చును. ఆ తడబాటులోనే నిజమైన పెరడు కనబడినది.

పీట్ వివాదమున మాత్రము చూపరుల పక్షమున నేను పూర్తిగా నిలువలేను. పీట్ అనగా చిత్తడినేలలలో నాచు మొదలగునవి పూర్తిగ కుళ్లక వేలయేండ్లుగా పేరుకొన్న మన్ను. ఏటికి ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగును. దానిని త్రవ్వినచో అందు నిలువయున్న కర్బనము బొగ్గుపులుసుగాలియై వాయుమండలమున చేరును. దానిని వాడవలదని మాంటీ డాన్ పట్టుపట్టగా, తోటలోనికి రాజకీయమును తెచ్చుచున్నాడని కొందఱు కినుక వహించిరి. మన్ను నెక్కడనుండి తెచ్చితిమని యడుగుట రాజకీయమైనచో, అది తోటకు తగిన రాజకీయమే.

కాని పీట్‌కు బదులుగా వాడు వానిలో కొబ్బరిపీచు పొట్టు ముఖ్యమైనది. అది మన దేశమునుండియు శ్రీలంకనుండియు ఓడలలో అంతదూరము పోవుచున్నది. అందలి ఉప్పును పోగొట్టుటకు మంచినీటితో పలుమారు కడుగవలెను. ఒకరి చిత్తడినేలను కాపాడుటకు మఱియొకరి నూతినీరు వ్యయము చేయుట ఎంతవరకు ధర్మమని సందేహించు చూపరులు గలరు. వీరి ప్రశ్నకు కినుక వహించినవారి ప్రశ్నకంటె ఎక్కువ బరువు గలదు. దీనికి ఒక్క వారపు కార్యక్రమమైనను పూర్తిగ కేటాయింపదగును. పీట్ లేని మిశ్రమము పైన ఎండినట్లు కనబడుచు లోపల తడిగానుండుటచే, అలవాటు చొప్పున నీరు పోసి మొక్కలను చంపుకొన్నవారి బాధయు వినదగినదే. ఆంగ్లదేశమున కిటికీగట్టుపై గోంగూర మొలిపింప యత్నించు మన తెలుగు ఇల్లాండ్రకును ఇది యక్కరకు వచ్చు విషయము.

లాంగ్‌మెడోలో ఏండ్లతరబడి పెంచిన బాక్సు పొదలకు తెగులు సోకగా మాంటీ డాన్ వానిని పెరికివేసి, ఆ ఖాళీస్థలమును దాచక చూపెను. ఆ భాగమును చూచి, తమ పొదలును చచ్చినవని వ్రాసికొన్నవారికి కలిగిన ఊరట వేయి పూలచిత్రములు కలిగింపవు. ఏటేట కార్యక్రమము శరత్కాలమున ముగియును. ముగింపువారమున పండిన గుమ్మడికాయలను చూపుట ఆచారము. వాని ప్రక్కన మొలవని విత్తుల మడిని గూడ ఒకమారు చూపి, అది యేల మొలవలేదో చెప్పుదురుగాక.